సుగ్గికి పోని ఏడు

పత్తి ఏరడం అయిపోగానే మా వీధిలో ఒక్కో ఇంటికీ తాళం పడుతుంది. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఉన్న మా ఊళ్ళో అన్నీ వాన మీద బతికే చేలే. పత్తి అయిపోయాక చేతికి పనుండదు. జనం మూటాముల్లె కట్టుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్ని మేము సుగ్గి అంటాం. జనవరి మొదట్లో పోతే మళ్ళీ ఊరి ముఖం చూసేది ఉగాదికే. కాపురానికి వచ్చినప్పటి నుంచి నేను ఏ సుగ్గీ తప్పలేదు. నా కూతురు స్వప్న పుట్టింది కూడా అక్కడే, మిరపచేను గట్టున వేసుకున్న పట్టల గుడిసెలో.

పోకుండా నిలిచిపోయింది ఒక్క ఏడే.

ఆ ఏడు స్వప్నకు ఎనిమిదేళ్ళు. నాకు రెండోసారి ఐదో నెల. పత్తి చేలో ఉండగా బడి నుంచి జనార్దన్ సారు కబురు పెట్టాడు. ఒడిలో పత్తి దులుపుకుని అట్లే పోయాను. సారు తిట్టడానికి పిలిచాడనుకున్నాను. ఆయన నన్ను కూర్చోబెట్టి మెల్లగా మాట్లాడాడు. పిల్ల తెలివికి తక్కువ లేదన్నాడు. నోటి లెక్క అడిగితే అందరికంటే ముందు చెబుతుందట. రాయమంటే మాత్రం రెండు ముక్కలు రాసి లేచిపోతుందట. పక్కపిల్ల రాస్తుంటే పలక లాగుతుంది, మాట సగంలో ఉండగానే జవాబు అరుస్తుంది, కిటికీలోంచి కుక్క కనిపిస్తే దాని వెనక పోతుంది. కొట్టి చూశాను, బుజ్జగించి చూశాను, రెండూ పనిచేయలేదమ్మా అన్నాడు. కర్నూలులో పిల్లల మనసు సంగతి చూసే డాక్టరు ఉందని, ఒకసారి చూపించమని చెప్పాడు.

ఆయన చెప్పిందేదీ నాకు కొత్త కాదు. బిందె తెమ్మంటే దారిలో దింపేసి మేకపిల్ల వెంట పోయేది. కంచంలో అన్నం సగం ఉండగానే లేచేది. రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూసేది కాదు. ముందటేడు సుగ్గికి పోతూ, దాని వెంట పరిగెత్తడం మా అత్త వల్ల కాదని, వలస పోయేవాళ్ళ పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టల్లో వదిలిపెట్టి పోతే, వారం తిరక్కముందే గోడ దూకి బస్సు రోడ్డు మీద దొరికింది. పొద్దంతా వంగి పత్తి ఏరిన ఒళ్ళు నొప్పులు పడుకుంటే తగ్గేవి. సాయంత్రం దాని వెంట తిరిగిన అలసట మాత్రం పడుకున్నా తగ్గేది కాదు. అది నిద్రపోయాక కూడా నా చెవి దాని మీదే ఉండేది.

నా మొగుడు అయ్యన్న, మా అత్త తిప్పమ్మ, నేను, స్వప్న, నలుగురం కర్నూలు బస్సెక్కాం. అత్తను రావద్దన్నా వచ్చింది. తన మనవరాలికి పిచ్చని ఎవరైనా రాసిస్తే ఒప్పుకునేది లేదని ఆమె పట్టు. కోడుమూరు దాటేలోపు స్వప్న మూడు సీట్లు మారింది. ముందు కూర్చున్న ఆమె కొప్పులో పూలు పీకింది. కండక్టరు చేత తిట్లు తినింది. అయ్యన్న సీట్లో కూర్చోలేక ముందుకు పోయి డ్రైవరు పక్కన నిలబడ్డాడు.

డాక్టరమ్మ వయసులో చిన్నది. స్వప్నను మాట్లాడించింది, బొమ్మలు కలపమంది, నిలబడమంది, కూర్చోమంది. తర్వాత మమ్మల్ని అడగడం మొదలుపెట్టింది. ఆమె అడిగినవాటిలో సగం స్వప్న గురించి కాదు. స్వప్న నా కడుపులో ఉన్నప్పటి గురించి.

చూపించుకున్నావా అంది. ఊళ్ళో ఉన్నప్పుడు ఒకసారి సూది వేయించుకున్నానని, ఆ తర్వాత సుగ్గికి పోయామని చెప్పాను. కాన్పు ఎన్నో నెలలో అయిందని అడిగింది. ఎనిమిది పడిందంతే అన్నాను. బరువెంతుందని అడిగితే అత్త అడ్డం వచ్చి కోడిపెట్టంత ఉండె అని చెప్పింది. అప్పుడు బీపీ ఎంతుందంటే ఎవరం ఏం చెబుతాం? కాళ్ళు పొంగడం, కళ్ళు మసకలు కమ్మడం నాకు గుర్తుంది. ఆ తర్వాతది నాకు తెలియదు. అయ్యన్న చెప్పాడు. గుడిసెలో నేను కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టానని, ఆటో కోసం తాను చేల గట్ల మీద పరిగెత్తి వచ్చేలోపు పిల్ల పుట్టిందని. అత్త దాన్ని గుర్రపువాతం అంది.

మీ ఇంట్లో ఇంకెవరైనా చిన్నప్పుడు ఇలాగే ఉండేవారా అని డాక్టరమ్మ అడిగింది. మా వంశంలో అట్లాంటివాళ్ళు లేరని అత్త తెగేసి చెప్పింది. అయ్యన్న గోడ మీది బొమ్మ చూస్తూ ఉండిపోయాడు.

దీన్ని ఏడీహెచ్‌డీ అంటారని డాక్టరమ్మ చెప్పింది. పిల్ల మొండిదీ కాదు, పొగరుదీ కాదు, మనసు ఒకచోట నిలబెట్టుకోవడం దానికి మనకంటే చాలా కష్టం, అంతే అంది. ఏమేం చేయాలో చెప్పింది. పని చిన్న చిన్న ముక్కలు చేసి చెప్పాలి, బడిలో ముందు వరుసలో కూర్చోబెట్టాలి, చేసిన మంచిని అప్పటికప్పుడే మెచ్చుకోవాలి. ఉగాది దాటాక మళ్ళీ తీసుకురమ్మంది. అవసరమైతే అప్పుడు మందు ఆలోచిద్దామంది.

లేవబోతూ నేను అడిగాను. "అయితే ఇది నా వల్లనే వచ్చినాదా మేడమ్?"

ఆమె కలం కింద పెట్టింది. "నెలలు నిండకముందే పుట్టిన పిల్లల్లో, బరువు తక్కువగా పుట్టినవాళ్ళలో, కడుపుతో ఉన్నప్పుడు తల్లికి బీపీ పెరిగితే ఆ పిల్లల్లో ఇది కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. అన్నీ నిండి పుట్టినవాళ్ళలోనూ కనిపిస్తుంది. ఎక్కువగా కుటుంబంలోనే ఉంటుంది. నీ కూతురికి ఫలానా దానివల్లే వచ్చిందని నేనే కాదు, ఎవరూ చెప్పలేరు. నీ తప్పని మాత్రం ఎవరు చెప్పినా నమ్మొద్దు."

అప్పుడు నా కడుపు వైపు చూసి, పక్క గదిలోంచి మిషను తెప్పించి తానే నా బీపీ చూసింది. రెండుసార్లు చూసింది. ఐదో నెలకే ఇంత ఉండకూడదంది. ఈసారి నెలనెలా చూపించుకోవాలని, మాత్రలు మానకూడదని, ఆసుపత్రి దగ్గర లేని చోటికి అసలే పోవద్దని చెప్పింది. చెబుతున్నప్పుడు నన్ను కాదు, అయ్యన్నను చూస్తూ చెప్పింది.

ఊరికి వచ్చాక ఆమె మాటల్లోంచి ఎవరికి కావలసిన ముక్క వాళ్ళు తీసుకున్నారు. ఎవరి తప్పూ కాదని డాక్టరమ్మే చెప్పింది గదా అని అయ్యన్న అన్నాడు. ఆ మాటతో ఆయనకు గుండె మీంచి బరువు దిగింది. సుగ్గి గుడిసెలో కన్నందుకే పిల్ల ఇట్లయిందని వీధిలో ఆడవాళ్ళు తేల్చారు. అత్త ఎవరితోనూ ఏమీ అనలేదు గానీ, పొయ్యి దగ్గర కూర్చుని తనలో తాను అన్నట్టు పైకే అనేది. మేం కన్లేదా, చేన్లో కని సాయంత్రానికి ఇంటికి నడిచొచ్చినోళ్ళం, మాకెవరు మాత్రలిచ్చినారు అని. నేను విననట్టే రొట్టెలు తట్టుకునేదాన్ని. వాదించడానికి కూడా ఒంట్లో ఓపిక కావాలి.

మేస్త్రీ గిడ్డయ్య సుగ్గికి మనుషుల్ని కూడగడుతూ మా ఇంటికి వచ్చాడు. అతని లెక్క ఎప్పుడూ జతల లెక్కే. కాయ కోసే చేయి ఒకటి, బస్తా మోసే భుజం ఒకటి. ఒంటి మనిషిని చేనుగలవాళ్ళు ఒప్పుకోరన్నాడు. అయ్యన్న నా వైపు చూశాడు. గిడ్డయ్య పోయాక నా పక్కన వచ్చి కూర్చుని, నువ్వు ఒక్క కాయ కూడా కోయొద్దు, గుడిసెలో వండి పెడుతూ ఉండు చాలు అన్నాడు. ఈసారి గుంటూరు రోడ్డుకు దగ్గర చేను చూడమని గిడ్డయ్యకు చెప్పానన్నాడు. చెబుతూ చెబుతూ సగంలో లేచి పోయి దూడను కట్టి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. ఆయన మాట ఎప్పుడూ అంతే. చెడ్డవాడు కాదు. అక్కడికి పోతే ఏం జరుగుతుందో ఆయనకూ తెలుసు, పోకపోతే ఏం జరుగుతుందో కూడా తెలుసు.

నర్సమ్మ హెప్సిబా మా ఊరికి మాత్రలు ఇచ్చే మనిషి. ఆమె వచ్చి నా కాళ్ళ మీద వేలితో నొక్కి, గుంట పడితే అది పూడేదాకా చూస్తూ కూర్చుంది. సుగ్గికి పోతాండావా అని అడిగింది. తెలియదన్నాను. నిజంగానే నాకు తెలియదు. పోనని చెప్పలేదు, పోతాననీ చెప్పలేదు. అత్త గడప మీద కూర్చుని కందులు చెరుగుతూ మా ఇద్దరినీ చూసింది. హెప్సిబా పోతూ పోతూ ఆమె దగ్గర ఆగి ఏదో మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు వినపడలేదు. అత్త చేట దించకుండానే తల ఊపింది.

సుగ్గికి తీసుకుపోయే గిడ్డయ్య బొలెరో బండి వచ్చేసరికి తెల్లవారింది. అప్పటికే మూడు జతలు ఎక్కి ఉన్నాయి. అయ్యన్న బియ్యం సంచి, పట్టలు, గిన్నెల మూట ఎక్కించాడు. నేను స్వప్న జడ వేస్తున్నాను. అది కదులుతూనే ఉంది, నేను మళ్ళీ మొదటి నుంచి అల్లుతూనే ఉన్నాను. రా రజినీ, ఎక్కు అని ఆయన పిలిచాడు. జడ పూర్తి చేసి చెప్పులు వేసుకుని బయటికి వస్తే, బండి మీద బియ్యం సంచికి ఆనుకుని అత్త కూర్చుని ఉంది. మోకాళ్ళ నొప్పులని ఆమె సుగ్గి మాని నాలుగేళ్ళు దాటింది.

"అది రాదు. నేనొస్తాండా. బండి పోనీ," అంది.

గిడ్డయ్య నవ్వాడు. "అవ్వా, నీతో కోత యాడయితాది?"

"కాయ కోసేది చేతుల్తో గదప్పా. మోకాళ్ళు నీకేం పని?"

అయ్యన్న బండి దగ్గర కాసేపు నిలబడ్డాడు. తల్లిని చూశాడు, నన్ను చూశాడు, కింద ఉన్న నా బట్టల సంచిని చూశాడు. ఆ సంచి తీసి మా గడప లోపల పెట్టి వచ్చి బండెక్కాడు. అత్త నా ముఖం చూడలేదు. బండి కదిలాక, పొయ్యి కింది కట్టెలు తడవకుండా చూసుకోమంది. అది తప్ప ఇంకో మాట అనలేదు. స్వప్న ఊరి చివరిదాకా బండి వెనక పరిగెత్తి, ఒక చెప్పు పోగొట్టుకుని తిరిగి వచ్చింది.

వీధిలో మా ఇల్లు ఒక్కటే తెరిచి ఉంది. పక్క వీధుల్లో మిగిలింది ఎక్కువగా నడవలేని ముసలివాళ్ళే. మాట్లాడే మనిషి లేక నేను స్వప్నతోనే మాట్లాడేదాన్ని. డాక్టరమ్మ చెప్పినట్టు చేయడానికి చూశాను. బిందె తీసుకో అని ఒకటి, బోరు దగ్గరికి పో అని ఒకటి, నింపు అని ఒకటి. ఒక్కో మాటకూ దాని వెంట నేను నడవాల్సిందే. కొన్నిసార్లు కుదిరేది. కుదరనప్పుడు బిందె నేనే మోసేదాన్ని, మోయకూడదని తెలిసి కూడా. జనార్దన్ సారు దాన్ని ముందు వరుసలో కూర్చోబెట్టి, కాసేపటికోసారి లేపి పుస్తకాలు పంచడం, బోర్డు తుడవడం లాంటి పని చెప్పేవాడట. మధ్యాహ్నం దాకా బాగుంటోందమ్మా, ఆ తర్వాత నా వల్ల కావడం లేదు అన్నాడు. ఆయన దాచకుండా చెప్పినందుకు నాకు ఎందుకో ఊరటగా అనిపించింది. అలసిపోయేది నేనొక్కదాన్నే కాదు.

స్కానింగు కోసం ఆదోని పోవలసి వచ్చింది. స్వప్నను వదిలే చోటు లేక వెంట తీసుకుపోయాను. షేర్ ఆటోలో పదిమంది మధ్య ఇరుక్కుని పోయి, ఆసుపత్రిలో వరసలో కూర్చున్నాం. స్వప్న కుర్చీ మీద, కుర్చీ కింద, గోడ మీద, తలుపు వెనక. ఎదురుగా ఉన్నవాళ్ళు మొదట నవ్వారు, తర్వాత విసుక్కున్నారు, తర్వాత నన్ను చూశారు. ఆ చూపు నాకు అలవాటే. నా పేరు పిలిస్తే, దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి లోపలికి పోయాను. బయటికి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

ఆసుపత్రి అంతా తిరిగాను. గేటు దగ్గర ఎవరో పచ్చగౌను పిల్ల రోడ్డు దాటిందన్నారు. వాచిన కాళ్ళతో పరిగెత్తాను, పరిగెత్తకూడదని తెలుసు. లారీలు, ఆటోలు, ఎద్దులబండ్లు. ప్రతి హారన్‌కూ ఆగి వెనక్కి చూశాను. పత్తి మార్కెట్టు గేటులోంచి లోపలికి చూస్తే, కొండంత పత్తి కుప్ప మీద నా కూతురు. ఎక్కి జారుతోంది, మళ్ళీ ఎక్కుతోంది. కింద హమాలీలు నవ్వుతూ చూస్తున్నారు. ఒక ముసలి హమాలీ, తల్లివా, ఎంత అరిచినా దిగడం లేదమ్మా అన్నాడు.

దిగగానే కొట్టాను. ఎక్కడ తగిలిందో చూడలేదు. అది ఏడవలేదు. జుట్టు నిండా పత్తి అంటుకుని ఉంది. నాకు కళ్ళు తిరిగి అక్కడే పత్తి నింపిన బోరేల మీద కూలబడ్డాను. ముసలి హమాలీ చెంబుతో నీళ్ళు తెచ్చాడు. నీళ్ళు తాగి, కొంగులో కట్టుకున్న బీపీ మాత్ర తీసి నోట్లో వేసుకున్నాను.

స్వప్న నా పక్కన కూర్చుంది. మాత్ర పొట్లం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఇంక లేచిపోతుందని నేను దాని గౌను అంచు పట్టుకునే ఉన్నాను.

"అమ్మా, పుట్టే పాప నా మాదిరి కాకూడదని మింగుతాండావా ఇవి?" అంది.

కర్నూలు నుంచి వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో, వీధిలో, బోరు దగ్గర అందరం అదే మాట్లాడుకున్నాం. ఈసారన్నా బిడ్డ సరిగ్గా ఉండాలని. ఇంకోటి ఇట్ల కాకుండా చూసుకోవాలని. మాట్లాడుతున్నంతసేపూ అది మా కాళ్ళ సందుల్లో తిరుగుతూనే ఉంది. ఏ మాటా చెవిన పెట్టని పిల్ల అనుకున్నాం. అన్నీ వినింది.

"కాదు," అన్నాను. "నేను సావకుండా ఉండేదానికి మింగుతాండా. నువ్వు పుట్టినప్పుడు నాకు మాత్రలు లేవు. సచ్చేదాన్ని. పాపకు గాదు, నాకు."

అది నా ముఖం చూసింది. అబద్ధం చెప్పేటప్పుడు నేను ఎట్లుంటానో దానికి తెలుసు. కాసేపు చూసి, "అయితే దినమూ మింగు," అంది. అని లేచి, ముసలి హమాలీ చెంబు ఎత్తుకుని నీళ్ళ తొట్టి వైపు పరిగెత్తింది.

ఆ సాయంత్రం అయ్యన్న ఫోను చేశాడు. డాక్టరు ఏమందో అడిగాడు. బిడ్డ బాగానే ఎదుగుతోందని, బీపీ మాత్ర పెంచారని చెప్పాను. తర్వాత అత్తకు ఇచ్చాడు. ఆమె గొంతు మిరప ఘాటుకు బొంగురుపోయింది. కాళ్ళు వాచినాయా అని అడిగింది, ఉప్పు తగ్గించుకోమంది. అంతకు మించి మాట్లాడే అలవాటు మా ఇద్దరికీ లేదు. ఎందుకు చెప్పాలనిపించిందో గానీ, స్వప్న అడిగిన మాట ఆమెకు చెప్పాను.

అవతల ఆమె దగ్గింది.

"అయ్యన్న కూడా అట్లనే ఉండె," అంది. "ఒక కాడ కూసున్నోడు కాదు. మీ మామ కొట్టి కొట్టి బాగు సెయ్యల్లని సూసినాడు. బాగయ్యింది లేదు. బడి మానుకున్నాడు. అంతే అయింది." మళ్ళీ దగ్గింది. "వాన్ని నేను నిండు నెలలకే కనింటి. ఇంట్లోనే, మంచం మీదే. ఆ డాక్టరమ్మ అడిగినప్పుడు సెప్పలేక పోతి."

మోకాళ్ళు ఎట్లున్నాయి అత్తా అని అడిగాను. ఉన్నాయిలే అని ఫోను ఇచ్చేసింది. ఆ మాటలు పక్కన ఉన్న అయ్యన్న విన్నాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను అడగలేదు. తర్వాత ఫోన్లలో మాత్రం ముందు స్వప్నకు ఇవ్వమనేవాడు. అది రెండు మాటలు చెప్పి ఫోను పారేసి పోయినా నవ్వేవాడు.

మార్చి ఎండలు ముదిరాక హెప్సిబా ఒక ఉదయం నా బీపీ చూసి వెంటనే 108 బండికి ఫోను చేసింది. తలనొప్పి ఉందా, కళ్ళు మసకగా ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయి. ముందు రోజు నుంచే ఉన్నాయి, ఎండకని అనుకున్నాను. నా బట్టలు, స్వప్న బట్టలు ఒకే సంచిలో కుక్కి, ఇద్దరినీ బండెక్కించి, తానూ ఎక్కింది. ఊరు దాటుతుంటే నాకు భయం కంటే ఎక్కువగా నీరసం ఉండింది. ఎవరైనా ఏమైనా చేసుకోండి, నన్ను కాసేపు పడుకోనివ్వండి అనిపించింది.

ఆదోనిలో సెలైను పెట్టి, ఫిట్స్ రాకుండా తొడకు సూదులు వేశారు. అవి నిప్పు పెట్టినట్టు మండాయి. నెలలు దాదాపు నిండినట్టేనని, ఇక ఆగడం మంచిది కాదని, నొప్పులు వచ్చేటట్టు మందిచ్చారు. రోజంతా పట్టింది. బయట వరండాలో హెప్సిబా వెంట స్వప్న పరుగులు, దాన్ని ఎవరో అదిలించడం నాకు నొప్పుల మధ్య వినపడుతూనే ఉన్నాయి. ఆ చప్పుడు వినపడినంతసేపు నేను తెలివిలోనే ఉన్నానని తెలిసేది. ఒక్కసారి కూడా కళ్ళు కమ్మలేదు. ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడ్చింది. తూకంలో వేసి బరువు చెబితే, హెప్సిబా బాగుందమ్మా అని నా నుదురు తుడిచింది.

కబురు అందిన పూటే అత్త, అయ్యన్న గుంతకల్లు మీదుగా వచ్చే రైలెక్కారు. గిడ్డయ్య ఇంకో కోత మిగిలిందని మొత్తుకున్నాడట. మర్నాడు మధ్యాహ్నానికి ఆసుపత్రికి వచ్చారు. అత్త సగమైపోయింది. ముఖం నల్లబడింది. వేళ్ళ సందుల్లో చర్మం ఊడి ఎర్రగా ఉంది. మంచం దగ్గర నిలబడి పాపను చూసింది. ఎత్తుకోమన్నాను. మిరప మంట ఎంత కడిగినా పోదని, పసిదాని ఒంటికి తగులుతుందని, చేతులు వెనక్కి పెట్టుకుంది. కొబ్బరినూనె తెమ్మని అయ్యన్నను పంపింది. స్వప్న నాయన వెంట పోయింది, ఆయన కంటే ముందే తిరిగి వచ్చింది, మంచం ఎక్కింది, దిగింది, సెలైను కడ్డీ పట్టుకుని గుండ్రంగా తిరిగింది.

పక్క మంచం ఆమెకు తోడుగా వచ్చిన పెద్దావిడ ఉదయం నుంచి ఇదంతా చూస్తూనే ఉంది. అత్తను పలకరించి, ఆ పెద్దపిల్ల ఏందమ్మా అట్ల, ఈ చిన్నదన్నా నెమ్మది గల్లదయితే బాగుండు అంది. చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదు. నేను స్వప్న వైపు చూశాను. అది కడ్డీ పట్టుకుని ఆగిపోయి ఉంది.

అత్త నూనె చేతులకు రాసుకుంటూనే చెప్పింది. "ఏమోమ్మా. ఇప్పుడే యాడ తెలుస్తాది. దీని నాయన అట్లనే ఉండె, అక్కా అట్లనే ఉండాది. ఇదీ అట్లనే ఉంటే మాకేం కొత్త గాదు. సాకుతాం."

స్వప్న మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. కడ్డీ ఊగుతోందని అయ్యన్న పోయి దాన్ని పట్టుకోబోయాడు, అది తప్పించుకుంది, ఇద్దరూ వరండాలోకి పోయారు. అత్త నూనె సీసా మూత పెట్టి, నా కాళ్ళ దగ్గర దుప్పటి సర్ది, ఉగాది పోనీ, కర్నూలుకు నేనే దాన్ని తీసుకుపోతాను, నువ్వు బాలింతవి తిరగొద్దు అంది. డాక్టరమ్మకు చెప్పాల్సింది ఉందని కూడా అంది. నేను సరే అన్నాను.

నాకు కళ్ళు మూతలు పడ్డాయి. స్వప్న పుట్టినప్పటి నుంచి పగటిపూట నేను కళ్ళు మూసింది లేదు. చెవులకు ఇంకా వినపడుతోంది. వరండాలో పరుగులు, ఎవరో అరవడం, అయ్యన్న నవ్వు, దగ్గరికి వస్తున్న అడుగుల చప్పుడు. పాప మెల్లగా ఏడుపు మొదలుపెట్టింది. లేవాలనుకున్నాను. ఒళ్ళు లేవలేదు.

ఎవరో వంగి నా పక్కనుంచి పాపను ఎత్తుకున్నారు. ఏడుపు ఆగింది. ఎవరా అని నేను కళ్ళు తెరిచి చూడలేదు.